తాతది కత్తి.. మనవడిది చుక్కల లెక్క

మీరు ఎప్పుడైనా ఉజ్బెకిస్థాన్‌లోని సమర్‌ఖండ్ వెళ్తే, రెగిస్తాన్ చౌక్‌లో నీలిరంగు గుమ్మటాల ముందు ఫొటోలు దిగడంతో ఆపేయకండి. ఊరికి ఈశాన్యంగా ఒక గుట్ట ఉంటుంది. పైకి వెళ్తే ఇటుకలతో కట్టిన గుమ్మం, లోపల నేలలోకి దిగిపోయే ఒక కందకం కనిపిస్తాయి. వెడల్పు రెండు మీటర్లు, లోతు 11 మీటర్లు. అందులో పక్కపక్కనే రెండు రాతి అంచులు రైలు పట్టాల్లా వంపు తిరిగి కిందికి దిగుతుంటాయి. కమ్మీ పట్టుకుని తొంగి చూడ్డం తప్ప అక్కడ చేసేదేమీ ఉండదు. చాలామంది రెండు నిమిషాలు నిలబడి, ఇంతేనా అనుకుని దిగిపోతారు.

ఇంతే మిగిలింది మరి. ఆరు వందల ఏళ్ల కిందట ఈ కందకం మీద మూడంతస్తుల గుండ్రటి భవనం ఉండేది. దాని అడ్డుకొలత 46 మీటర్లకు పైనే. టెలిస్కోపు అనే వస్తువు ఇంకా పుట్టని కాలంలో, ప్రపంచంలోకెల్లా కచ్చితమైన ఆకాశపు కొలతలు ఇక్కడే తీశారు. కట్టించినవాడి పేరు ఉలుగ్ బేగ్. నిజానికి అతనికి ఇంట్లో అప్పగించిన ఉద్యోగం ఇది కాదు. రాజ్యం చేయమన్నారు. అతను రాజ్యమూ చేశాడు, ఇదీ చేశాడు. ఒకటి బాగా వచ్చింది, ఇంకోటి రాలేదు. రానిదాని వల్లే ప్రాణం పోయింది.

ఇంట్లోవాళ్లు చెప్పిన కోర్సుకీ మీకు నచ్చిన దానికీ మధ్య నలుగుతున్నవాళ్లు మీలో చాలామందే ఉంటారు కదా. ఈ కథ కాస్త ఓపిగ్గా చదవండి. ఇందులో గెలుపు ఒక్కటే ఉండదని ముందే చెప్తున్నా.

దండు వెంట బాల్యం

ఉలుగ్ బేగ్ తాత ఎవరో తెలుసా? తైమూర్. 1398లో ఢిల్లీ మీద పడి ఊరిని ఊచకోత కోసిన తైమూరే. ఆ దాడిలో ఢిల్లీ నుంచి తాపీ పనివాళ్లనీ, ఏనుగుల్నీ సమర్‌ఖండ్ తోలుకెళ్లి కట్టడాలు కట్టించుకున్నాడు. అలాంటి ఇంట్లో, 1394 మార్చిలో, ఇరాన్‌లోని సుల్తానియా అనే ఊళ్లో ఈ పిల్లాడు పుట్టాడు. అప్పుడు కూడా తాత దండయాత్రలోనే ఉన్నాడు. పెట్టిన పేరు మహమ్మద్ తరఘాయ్. ఉలుగ్ బేగ్ అంటే గొప్ప దొర అని అర్థం. ముద్దుగా పిలిచిన పిలుపే చివరికి పేరై కూర్చుంది. తండ్రి షారుఖ్, తైమూర్ కొడుకుల్లో ఒకడు. తల్లి గౌహర్ షాద్ తర్వాతి కాలంలో హెరాత్‌లో, మష్‌హద్‌లో గొప్ప కట్టడాలు కట్టించింది.

తైమూర్ దండయాత్రలంటే సైనికులు మాత్రమే వెళ్లడం కాదు. రాణులు, పిల్లలు, వంటవాళ్లు, గుడారాలు.. ఒక ఊరే కదిలినట్టు ఉండేది. ఈ పిల్లాడి బడి, ఆట స్థలం అన్నీ ఆ గుడారాలే. అలా పడమటి ఇరాన్, అజర్‌బైజాన్ వైపు తిరుగుతున్న రోజుల్లో, అయిదూ పదేళ్ల మధ్య వయసులో, అతను ఒక శిథిలాన్ని చూశాడు. అది మరాఘా వేధశాల. 1259లో మంగోలు పాలకుడు హులాగూ డబ్బిస్తే, నసీరుద్దీన్ తూసీ అనే మహా పండితుడు కట్టించిన చోటు. ఉలుగ్ బేగ్ చూసేసరికి అక్కడ పని ఆగిపోయి చాలా కాలమైంది.

ఆ పిల్లాడికి అక్కడ ఏం అర్థమైందో మనం ఊహించుకోవడం తప్పు. అయితే ఒక సంగతి రాతపూర్వకంగా ఉంది. తర్వాతి కాలంలో సమర్‌ఖండ్‌లో పనిచేసిన అల్ కాషీ అనే గణితవేత్త తన తండ్రికి రాసిన ఉత్తరంలో, మా ప్రభువు చిన్నప్పుడు మరాఘా చూశాడు గానీ అంత పరీక్షగా చూడలేదని రాశాడు. అంటే పెద్దయ్యాక కూడా ఉలుగ్ బేగ్ దాన్ని తలుచుకుంటూ, నలుగురితో మాట్లాడుతూ ఉండేవాడన్నమాట. చిన్నప్పటి ఒక విహారం అలా మనసులో ఉండిపోయింది.

పదేళ్లకే పెళ్లి చేశారు. ఆ మరుసటి ఏడాది, 1405లో, చైనా మీదికి బయల్దేరిన తైమూర్ దారిలో చనిపోయాడు. వారసులు కొట్టుకున్నారు. నాలుగేళ్ల గొడవ తర్వాత షారుఖ్ గెలిచి, హెరాత్‌ను రాజధాని చేసుకుని, సమర్‌ఖండ్‌ను పెద్దకొడుక్కి అప్పగించాడు. అప్పటికి ఆ కొడుక్కి 15 ఏళ్లు. మనకైతే టెన్త్ పరీక్షల వయసు.

ముందు బడి, ఆ తర్వాతే భవనం

ఇప్పుడు జాగ్రత్తగా గమనించండి. అధికారం చేతికి రాగానే ఇతను వేధశాల కట్టలేదు. ముందు మనుషుల్ని పోగేశాడు. 1417లో మొదలుపెట్టి మూడేళ్లలో రెగిస్తాన్ చౌక్‌లో మదర్సా కట్టించాడు. మీరు ఫొటోలు దిగుతారే, ఆ మూడు కట్టడాల్లో అన్నింటికన్నా పాతది ఇదే. మత విద్యతో పాటు లెక్కలూ, ఖగోళమూ అక్కడ సీరియస్‌గా చెప్పేవారు. ఇప్పటి టర్కీలోని బుర్సా నుంచి వచ్చిన ఖాజీ జాదా రూమీ దానికి పెద్ద. ఇరాన్‌లోని కాషాన్ నుంచి అల్ కాషీ వచ్చాడు.

ఈ మదర్సా గురించి చరిత్రకారులు చెప్పిన ఒక కథ ఉంది. కట్టడం నడుస్తుండగా, ఇక్కడ ప్రధాన గురువు ఎవరవుతారని ఎవరో అడిగారట. అన్ని విద్యలూ తెలిసినవాడిని వెతుకుతానన్నాడట ఉలుగ్ బేగ్. పక్కనే ఇటుకల కుప్పల మధ్య మాసిన బట్టలతో కూర్చున్న ఒక మనిషి లేచి, ఆ పదవికి తగినవాణ్ని నేనేనని చెప్పుకున్నాడట. పేరు ముహమ్మద్ ఖవాఫీ. నవ్వి పంపేయకుండా అక్కడికక్కడే ప్రశ్నలు వేసి చూశాడు ఉలుగ్ బేగ్. నిజంగానే తెలిసినవాడని తేలింది. స్నానం చేయించి, మంచి బట్టలిచ్చి, ఆ పదవిలోనే కూర్చోబెట్టాడు. ప్రారంభం రోజున అతను చెప్పిన పాఠానికి 90 మంది పండితులు వస్తే, ఇద్దరికే అర్థమైందట.. ఒకరు ఖాజీ జాదా, రెండోవాడు ఉలుగ్ బేగ్. కథలో కొంచెం మసాలా ఉండొచ్చు. ఇంటర్వ్యూ బోర్డులో కూర్చునేవాళ్లు చదవాల్సిన కథ.

నాకు దీనికన్నా ఎక్కువగా నచ్చేది ఇంకోటి ఉంది. ఒకసారి ఉలుగ్ బేగ్ ఏదో కోపంలో ఒక అధ్యాపకుణ్ని పదవి నుంచి తీసేశాడు. అది తెలిసిన ఖాజీ జాదా పాఠాలు చెప్పడం మానేసి ఇంట్లో కూర్చున్నాడు. ఒంట్లో బాగోలేదేమోనని పాలకుడే స్వయంగా చూడటానికి వెళ్లాడు. బోధన అనేది రాజుల దయాదాక్షిణ్యాల మీద ఆధారపడని వృత్తి అనుకుని ఇందులోకి వచ్చాననీ, అది నిజం కాదని ఇప్పుడు తెలిసింది కాబట్టి మానేశాననీ ఆయన మొహం మీదే చెప్పేశాడు. తైమూర్ మనవడికి ఈ మాట చెప్పడమంటే మామూలు విషయం కాదు. ఉలుగ్ బేగ్ తప్పు ఒప్పుకున్నాడు. తీసేసిన అధ్యాపకుణ్ని మళ్లీ తీసుకున్నాడు. ఇక ముందు ఇలా జోక్యం చేసుకోనని మాటిచ్చాడు.

అల్ కాషీ ఉత్తరాల్లో ఆ కొలువు ఎలా ఉండేదో కనిపిస్తుంది. కాషీ కొంచెం గొప్పలు పోయే మనిషి. మిగతావాళ్లకి ఏమీ రాదని తండ్రికి చెప్పుకున్నాడు. దర్బారు మర్యాదలు కూడా తెలియవు. కానీ లెక్కల్లో రాక్షసుడు. పై విలువను 1424లో 16 దశాంశ స్థానాల దాకా చేత్తో లెక్కగట్టాడు. ఆ రికార్డును దాటడానికి ప్రపంచానికి దాదాపు 170 ఏళ్లు పట్టింది. అతని మొరటుతనాన్ని ఉలుగ్ బేగ్ విద్య కోసం భరించాడు. ఆ కాషీయే తన ప్రభువు గురించి ఒక వింత రాశాడు. గుర్రం మీద వెళ్తూ, ఎప్పుడో గడిచిపోయిన ఒక తేదీన సూర్యుడు ఎక్కడ ఉన్నాడో డిగ్రీలు, నిమిషాల దాకా మనసులోనే లెక్కేసి చెప్పాడట. జ్ఞాపకశక్తి గురించి ఇంకో కథ ఉంది. వేటలో కొట్టిన పక్షుల వివరాల పుస్తకం పోతే మొత్తం జ్ఞాపకం మీద మళ్లీ రాయించాడనీ, తర్వాత అసలు పుస్తకం దొరికితే నాలుగైదు చోట్ల మాత్రమే తేడా ఉందనీ చెబుతారు. అవును, అతనికి వేటంటే పిచ్చి. విందులూ ఇష్టమే. పుస్తకాల పురుగు మాత్రమే అనుకోకండి.

నలభై మీటర్ల కోణమానిని

1420ల్లో, బహుశా 1424 ప్రాంతంలో, గుట్ట మీద పని మొదలైంది. ఇక్కడ కొంచెం లెక్క చెప్పుకోవాలి. లేకపోతే ఆ కందకం మీకు కందకంలాగే కనిపిస్తుంది.

మీ జామెట్రీ బాక్సులో కోణమానిని తీయండి. దాని వ్యాసార్ధం అయిదు సెంటీమీటర్లు అనుకుందాం. అంచు మీద ఒక డిగ్రీ అంటే ఒక మిల్లీమీటరు కన్నా తక్కువ. అందులో అర డిగ్రీ తేడా కూడా కంటికి సరిగా ఆనదు. దీన్నే పెద్దది చేస్తే? ఉలుగ్ బేగ్ చేయించినదాని వ్యాసార్ధం సుమారు 40 మీటర్లు. అప్పుడు ఒక డిగ్రీ దాదాపు 70 సెంటీమీటర్లు అవుతుంది. డిగ్రీలో అరవయ్యో వంతు, అంటే ఒక నిమిషం, పదకొండున్నర మిల్లీమీటర్లు దాటుతుంది. కంటితోనే చదివేయొచ్చు. అద్దాలు లేని కాలంలో కచ్చితత్వం కావాలంటే ఇదొక్కటే దారి, పరికరాన్ని పెంచుకుంటూ పోవడం.

కానీ 40 మీటర్ల వ్యాసార్ధం ఉన్న చాపాన్ని నిలబెట్టాలంటే చాలా ఎత్తు కావాలి. ఎత్తయిన గోడ కాలక్రమంలో ఒరుగుతుంది, ఒరిగితే కొలత పోతుంది. అందుకే కింది భాగాన్ని గుట్టలోకి తవ్వి దించేశారు. పై భాగం భవనంలో ఉండేది. మీరు ఇప్పుడు చూసేది ఆ కింది ముక్క. భూమిలో ఉంది కాబట్టే బతికింది. చాపాన్ని సరిగ్గా ఉత్తర దక్షిణాలుగా అమర్చారు. దక్షిణం వైపు పైన ఒక చిన్న రంధ్రం. మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా దక్షిణానికి వచ్చినప్పుడు ఆ రంధ్రంలోంచి కాంతి దిగి చాపం మీద పడుతుంది. ఎక్కడ పడిందో చూసి సూర్యుడి ఎత్తు రాసుకోవాలి. ఎండాకాలంలో సూర్యుడు నడినెత్తికి దగ్గరగా ఉంటాడు కాబట్టి వెలుగు కిందకి, కందకంలోకి పడుతుంది. చలికాలంలో చాపం మీద పైపైకి వెళ్తుంది. దీన్ని ఫఖ్రీ యంత్రం అంటారు. నక్షత్రాల స్థానాలు తీయడానికి వేరే చిన్న పరికరాలు ఉండేవి.

ఇక అసలు పని. రోజూ మధ్యాహ్నం అదే కొలత, రాత్రయితే మళ్లీ కొలత. మబ్బు పడితే ఆ రోజు పోయినట్టే. సూర్యుడి లెక్క ఒక ఏడాదిలో వస్తుంది కానీ, శని గ్రహం ఒక చుట్టు తిరగడానికే దాదాపు ముప్పై ఏళ్లు పడుతుంది. ఈ లోగా మనుషులు పోతుంటారు. కాషీ 1429లో చనిపోయాడు. కొన్నేళ్లకు ఖాజీ జాదా కూడా పోయాడు. ఇద్దరూ పని పూర్తవడం చూడలేదు.

పూర్తి చేసిన బృందంలో ముఖ్యుడు అలీ ఖుష్‌జీ. ఇతని పేరు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి. ఖుష్‌జీ అంటే డేగల్ని సాకేవాడు. వాళ్ల నాన్న ఉలుగ్ బేగ్ వేట డేగల్ని చూసుకునేవాడు. అలాంటి ఇంటి పిల్లాడు రాజుగారి దగ్గరే లెక్కలు నేర్చాడు. మధ్యలో ఎవరికీ చెప్పకుండా ఇరాన్‌లోని కిర్మాన్ వెళ్లిపోయాడు, ఇంకా చదువుకోవడానికి. కొన్నేళ్ల తర్వాత తిరిగొస్తే, చెప్పకుండా పోయినందుకు ఏం తెచ్చావని ఉలుగ్ బేగ్ అడిగాడట. చంద్రుడి కళల చిక్కు విప్పుతూ తాను రాసిన గ్రంథాన్ని చేతిలో పెట్టాడట ఖుష్‌జీ. అప్పటి నుంచి అతన్ని ప్రభువు కొడుకులా చూసుకున్నాడని అంటారు. సొంత కొడుకుల సంగతి తర్వాత చెప్తాను.

1437 నాటికి 1,018 నక్షత్రాల పట్టిక తయారైంది. అందులో గొప్పేమిటంటారా? అంతకు ముందు పదమూడు వందల ఏళ్లుగా దాదాపు అందరూ గ్రీకు పండితుడు టాలెమీ పట్టికనే తీసుకుని, కాలానికి తగ్గట్టు ఒక అంకె కలిపి వాడుకుంటూ వచ్చారు. ఆకాశం వైపు తిరిగి చూసి మొత్తం కొలతలు మళ్లీ తీసినవాళ్లు లేరు. వీళ్లు తీశారు. సమర్‌ఖండ్ నుంచి కనిపించనంత దక్షిణాన ఉన్న 27 నక్షత్రాలకు మాత్రం పాత అంకెలే తీసుకున్నామని పుస్తకంలో దాచకుండా చెప్పుకున్నారు. చుక్కల పట్టిక వేయడమంటే ఎంత ఓపికో మన హైదరాబాద్‌కీ తెలుసు. 20వ శతాబ్దంలో బేగంపేటలోని నిజామియా వేధశాల, ప్రపంచ దేశాలు కలిసి పంచుకున్న ఇలాంటి పనిలోనే తన వాటా ఆకాశాన్ని ఫొటోలు తీసి లక్షల చుక్కల్ని నమోదు చేసింది.

సమర్‌ఖండ్ బృందం నక్షత్రాలను ఆధారం చేసుకుని లెక్కగట్టిన సంవత్సరం 365 రోజుల 6 గంటల 10 నిమిషాల 8 సెకన్లు. ఇప్పటి లెక్కతో తేడా ఒక నిమిషం లోపే. భూమి అక్షం వంపు 23 డిగ్రీల 30 నిమిషాల 17 సెకన్లు అన్నారు. ఆ కాలానికి అసలు విలువతో తేడా అర నిమిషం కోణం.. ఆ పెద్ద చాపం మీద ఆరు మిల్లీమీటర్లు. ఇవన్నీ కలిపిన గ్రంథం పేరు జీజ్ ఎ సుల్తానీ. గెలీలియో టెలిస్కోపు పట్టుకోవడానికి ఇంకా 170 ఏళ్లుంది.

రెండో ఉద్యోగం

ఇంతవరకు చదివి, ఇష్టమైన పని చేస్తే అన్నీ అవే వస్తాయి అనుకుంటే పొరపాటు. ఉలుగ్ బేగ్‌కు గుట్ట మీదే కాదు, కోటలో కూడా డ్యూటీ ఉంది.

1427లో ఉత్తరాన గడ్డి మైదానాల నుంచి బరాక్ అనే ఉజ్బెక్ నాయకుడు సరిహద్దు మీదికి వచ్చాడు. తండ్రి వద్దంటున్నా ఉలుగ్ బేగ్ తమ్ముణ్ని వెంటేసుకుని యుద్ధానికి వెళ్లి ఘోరంగా ఓడాడు. సమర్‌ఖండ్ ప్రజలు కోట తలుపులు మూసేసుకునే ఆలోచన చేశారంటే, పరిస్థితి ఎంత దిగజారిందో చూడండి. షారుఖ్ స్వయంగా వచ్చి సర్దుబాటు చేయాల్సి వచ్చింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఉలుగ్ బేగ్ తానుగా పెద్ద దండయాత్ర జోలికి వెళ్లలేదు. ఆ ఇరవై ఏళ్లే వేధశాలకు దొరికిన కాలం. మధ్యమధ్యలో శత్రువులు వచ్చి దోచుకుపోతూనే ఉన్నారు. హెరాత్‌లో నాన్న ఉన్నంతకాలం గొడుగు పట్టినట్టు ఉండేది.

1447లో షారుఖ్ చనిపోయాడు. గొడుగు పోయింది. 53 ఏళ్ల వయసులో ఉలుగ్ బేగ్ మళ్లీ కత్తి పట్టక తప్పలేదు. మరుసటి ఏడాది హెరాత్ కోసం తన్నులాట. తర్నాబ్ దగ్గర యుద్ధంలో గెలిచారు. పెద్దకొడుకు అబ్దుల్ లతీఫ్ అక్కడ బాగా పోరాడాడు. కానీ విజయ ప్రకటన చిన్నకొడుకు అబ్దుల్ అజీజ్ పేరు మీద వెళ్లింది. పైగా హెరాత్ కోటలో లతీఫ్ దాచుకున్న సొత్తును తండ్రి అతనికి ఇవ్వలేదు. ఆ లతీఫ్ చిన్నప్పుడు తాతగారి దగ్గర హెరాత్‌లో పెరిగాడు, తండ్రి దగ్గర కాదు. కొడుకు చేతిలోనే గండం ఉందని ఉలుగ్ బేగ్ జాతకం చూసి నమ్మాడనీ, అందుకే దూరం పెట్టాడనీ ఒక కథ చెబుతారు. జాతకం సంగతి పక్కన పెడితే, ఇద్దరు కొడుకుల్ని ఒకేలా చూడలేకపోవడం మాత్రం ఆయన తప్పే. డేగలవాడి కొడుకును దగ్గరికి తీసిన మనిషి సొంత కొడుకు దగ్గర ఎందుకు అలా ఉన్నాడో!

1449లో లతీఫ్ తిరగబడ్డాడు. సమర్‌ఖండ్ దగ్గర యుద్ధంలో తండ్రి ఓడిపోయాడు. వెనక్కొస్తే, తాను పెట్టిన కోట అధికారే తలుపు తీయలేదు. ఇంకో కోటకు వెళ్తే అక్కడా అంతే. చివరికి కొడుకు ముందు లొంగిపోయి, రాజ్యం వద్దు, మక్కా వెళ్లిపోతానని వేడుకున్నాడు. సరేనని పంపించారు. కానీ ఈలోగా ఇంకో ఏర్పాటు జరిగిపోయింది. ఉలుగ్ బేగ్ ఆజ్ఞ వల్ల తన తండ్రి చనిపోయాడని పగబట్టిన అబ్బాస్ అనే మనిషికి, ప్రతీకారం తీర్చుకోవచ్చని పేరుకు ఒక తీర్పు రాయించి ఇచ్చారు. ఊరికి కాస్త దూరంలోనే ఒక పల్లెలో ఆపి, అక్టోబరు చివర్లో ఆయన తల నరికేశారు. చిన్నకొడుకునీ చంపేశారు. తండ్రిని చంపించిన లతీఫ్ ఆరు నెలలే ఏలాడు. 1450 మేలో అతన్నీ చంపి, తలను ఉలుగ్ బేగ్ మదర్సా గుమ్మానికే వేలాడదీశారు.

1941లో సోవియట్ శాస్త్రవేత్తలు సమర్‌ఖండ్‌లోని గూర్ ఎ అమీర్‌లో తైమూర్ కుటుంబ సమాధులు తెరిచారు. ఉలుగ్ బేగ్ అస్థిపంజరంలో మెడ ఎముక తెగి ఉంది. బట్టలతోనే ఖననం చేశారని కూడా తేలింది. చరిత్రకారులు రాసింది కథ కాదని అలా రుజువైంది. ఆయన సమాధి తాత సమాధికి దగ్గర్లోనే ఉంటుంది. సమర్‌ఖండ్ వెళ్లేవాళ్లు అదీ చూడొచ్చు.

పుస్తకం నడిచి వెళ్లింది

రాజు పోయాక వేధశాల ఏమైంది? ఆయన చనిపోగానే కూలగొట్టేశారని చాలాచోట్ల రాస్తారు. కానీ 1497లో, పద్నాలుగేళ్ల వయసులో సమర్‌ఖండ్‌ను పట్టుకున్న ఇంకో తైమూర్ వంశీయుడు తన జీవితకథలో ఆ మూడంతస్తుల వేధశాలను వర్ణించాడు. ఆ కుర్రాడు మనకు బాగా తెలిసినవాడే.. తర్వాత ఢిల్లీలో మొఘల్ రాజ్యం పెట్టిన బాబర్. కాబట్టి యాభై ఏళ్ల తర్వాత కూడా ఎంతో కొంత నిలిచే ఉంది. పని ఆగిపోయింది, పట్టించుకునేవాళ్లు పోయారు, జనం ఇటుకలు మోసుకుపోయారు. చివరికి అది ఎక్కడుందో కూడా మర్చిపోయారు.

పుస్తకం మాత్రం అలా కాలేదు. అలీ ఖుష్‌జీ సమర్‌ఖండ్ వదిలి హెరాత్ మీదుగా తబ్రీజ్ వెళ్లాడు. అక్కడి నుంచి, కాన్‌స్టాంటినోపుల్‌ను గెలిచిన సుల్తాన్ మెహ్మద్ దగ్గరికి చేరాడు. అయా సోఫియా మదర్సాలో పాఠాలు చెప్పాడు. 1474లో అక్కడే చనిపోయాడు. అతనితో పాటు సమర్‌ఖండ్ విద్య ఇస్తాంబుల్ చేరింది. జీజ్ ప్రతులు చేతిరాతలో ఊరూరా తిరిగాయి. 1665లో ఆక్స్‌ఫర్డ్‌లో థామస్ హైడ్ ఆ నక్షత్ర పట్టికను లాటిన్ అనువాదంతో అచ్చువేశాడు. 1690లో వచ్చిన హెవేలియస్ పుస్తకంలోని ఒక బొమ్మలో, ప్రపంచ మహా ఖగోళవేత్తలతో ఒకే బల్ల దగ్గర ఉలుగ్ బేగ్‌నీ కూర్చోబెట్టారు.

భవనం దొరకడానికి 1908 దాకా ఆగాల్సి వచ్చింది. వాసిలీ వ్యాత్కిన్ అనే పురావస్తు పరిశోధకుడు పాత దస్తావేజులు తిరగేస్తుంటే, 17వ శతాబ్దం నాటి ఒక వక్ఫ్ పత్రంలో భూమి హద్దుల మధ్య ఆ గుట్ట ప్రస్తావన తగిలింది. వెళ్లి తవ్వాడు. రాతి చాపం బయటపడింది. డిగ్రీల గుర్తులు కూడా ఉన్నాయి. వ్యాత్కిన్ సమాధి ఆ గుట్ట మీదే ఉంది.

మన తెలుగు రాష్ట్రాల నుంచి ఎంబీబీఎస్‌కి సమర్‌ఖండ్ వెళ్తున్నవాళ్లున్నారు. వాళ్లకైతే ఆదివారం ట్యాక్సీ దూరం. ఢిల్లీ నుంచి తాష్కెంట్‌కు నేరుగా విమానాలున్నాయి, అక్కడి నుంచి స్పీడు రైల్లో రెండు గంటల పైచిలుకు. గుట్ట పక్కనే మ్యూజియం కూడా ఉంది, వేధశాల నమూనాతో. ముందు అది చూసి, తర్వాత కందకం దగ్గరికి వెళ్లండి. అప్పుడు తెలుస్తుంది ఏం చూస్తున్నారో.

అంత దూరం ఎందుకులే అంటారా, జైపూర్ వెళ్లండి. సవాయి జైసింగ్ 18వ శతాబ్దంలో జంతర్ మంతర్‌లు కట్టించేటప్పుడు ఆయన దగ్గర ఉలుగ్ బేగ్ పట్టికలు ఉన్నాయి. తన సొంత గ్రంథాన్ని ఆ పట్టికల ఆధారంగానే తయారు చేయించాడు. జైపూర్‌లో పెద్ద సామ్రాట్ యంత్రాన్ని అంటిపెట్టుకుని చీకటి గదుల్లో షష్ఠాంశ యంత్రం అని ఒకటి ఉంటుంది. సమర్‌ఖండ్‌లో ఉన్నదానికి తమ్ముడు. పైన సన్నటి రంధ్రం, లోపల వంపు తిరిగిన కొలత పట్టీ. మిట్టమధ్యాహ్నం ఎండ అందులోంచి దిగి, పట్టీ మీద చిన్న సూర్యుడిలా గుండ్రంగా పడుతుంది. అది మధ్య గీతను దాటడానికి రెండు నిమిషాల పైచిలుకే పడుతుంది. టైం చూసుకుని వెళ్లండి.